రోగి ప్రక్కనున్న యంత్రం తప్పు చెబితే?

ప్రాణాలకు కాపలా కాసే మానిటర్లలో లోపం బయటపడినప్పుడు తయారీదారులు వాటిని వెనక్కి పిలుస్తారు. ఆ పిలుపు రోగి మంచం దాకా చేరుతుందా? ఉక్కు నగరం జంషెడ్‌పూర్ ఈ విషయంలో దేశానికి ఒక పాఠం చెప్పగలదు.

జంషెడ్‌పూర్‌లో ఉక్కుకు జాతకం రాస్తారు. కొలిమిలో ఒక విడతగా కరిగించిన ఉక్కును అక్కడివారు 'హీట్' అంటారు. ప్రతి హీటుకూ ఒక నంబరుంటుంది. అందులో కర్బనం ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత, భాస్వరం ఎంత అన్న వివరాలన్నీ ఆ నంబరు క్రింద నమోదవుతాయి. ఉక్కు దిమ్మెగా, కడ్డీగా, రేకుగా ఎన్ని రూపాలు మార్చుకున్నా నంబరు దాని వెంటే నడుస్తుంది. ఎక్కడో వందల మైళ్ల దూరాన ఒక వంతెన దూలంలో పగులు కనిపించిందనుకోండి. ఆ నంబరు పట్టుకుని వెనక్కి నడిస్తే, అదే హీటులో పుట్టిన తక్కిన దూలాలు ఎక్కడెక్కడికి వెళ్లాయో తెలుసుకోవచ్చు.

ఆ నగరంలో లారీలకూ జాతకాలున్నాయి. 1945లో టెల్కో అన్న పేరుతో ఆరంభమైన సంస్థ అక్కడి కర్మాగారంలో 1954 నుంచి లారీలు తయారుచేస్తోంది. నేడది టాటా మోటార్స్. గేటు దాటే ప్రతి వాహనం ఛాసిస్ మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. రవాణా శాఖ రికార్డులలో ఆ నంబరు యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. బ్రేకులలో లోపమున్నదని తర్వాతెప్పుడో తెలిసినా, ఆ లారీ కాశ్మీరులో ఉన్నా కన్యాకుమారిలో ఉన్నా దాని యజమానికి కబురు పంపవచ్చు.

ఇదే నగరంలో 1908లో వెలసిన టాటా మెయిన్ హాస్పిటల్ ఉన్నది. 1961లో ప్రారంభమైన మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల, దాని ఆస్పత్రి ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, సింగ్‌భూమ్ గ్రామాల ఆదివాసులకూ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇటువంటి ఆస్పత్రులే దిక్కు. దేశంలోని ఏ పెద్ద ఆస్పత్రిలో చూసినా అత్యవసర విభాగంలో మంచం ప్రక్కన ఒక తెర వెలుగుతూ ఉంటుంది. గుండె చప్పుళ్లు ఆకుపచ్చని గీతలుగా కదులుతుంటాయి. రక్తంలోని ఆక్సిజన్, రక్తపోటు, శ్వాస అంకెలై మెరుస్తుంటాయి. ఏదైనా హద్దు దాటితే గంట మోగుతుంది. ఆ యంత్రం వెనుక భాగాన కూడా ఒక చిన్న లేబుల్ మీద తయారీ నంబరు ఉంటుంది. అయితే ఆ నంబరు ఏ పుస్తకంలో రాసి ఉంది? ఎవరి పేరుతో ముడిపడి ఉంది? లారీని వెతికి పట్టుకోగల సమాజం మానిటర్‌ను వెతికి పట్టుకోగలదా?

ఈ ప్రశ్న పైకి గుమాస్తాల వ్యవహారంగా కనిపించవచ్చు. నిజానికి దీనికి వచ్చే జవాబు మీదనే కొన్ని ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

అవాంతరమే ఆధారమైంది

మానిటర్ మీద మనకు ఇంతటి నమ్మకం ఎలా కుదిరిందో ముందు తెలుసుకోవాలి. జపానులోని నిహాన్ కోడెన్ సంస్థలో తకువో అవోయాగి అనే ఇంజనీరు 1970వ దశకం తొలినాళ్లలో ఒక సమస్యతో కుస్తీ పడుతున్నాడు. రక్తంలోకి రంగు ద్రవ్యాన్ని ఎక్కించి, చెవితమ్మె గుండా వెలుతురు పంపి, గుండె ఎంత రక్తాన్ని తోడుతున్నదో కొలవాలని ఆయన ప్రయత్నం. కాని నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలత అటూ ఇటూ ఊగిపోయేది. ఆ ఊగిసలాటను తొలగించే ప్రయత్నంలోనే ఆయనకు ఒక సత్యం స్ఫురించింది: అలా ఊగుతున్నది ధమనులలోని రక్తం మాత్రమే. దాన్ని విడదీసి చూడగలిగితే అందులో ఆక్సిజన్ ఎంతో సూది గుచ్చకుండానే చెప్పవచ్చు. 1974లో రూపుదిద్దుకున్న ఆ ఆలోచనే నేటి పల్స్ ఆక్సీమీటర్. వేలికి తగిలించే ఆ చిన్న పరికరం ఎర్రని వెలుతురునూ, కంటికి కనిపించని పరారుణ కిరణాలనూ పంపి, తిరిగి అందిన వాటి నిష్పత్తిని బట్టి లెక్క కడుతుంది. 1980వ దశకంలో అది ఆపరేషన్ గదుల్లో ప్రవేశించింది. అనతికాలంలోనే మత్తుమందు ఇచ్చే వైద్యులకు విడదీయరాని తోడైంది. ప్రపంచమంతా కోవిడ్‌తో ఊపిరాడక విలవిలలాడుతున్న 2020 ఏప్రిల్ 18న అవోయాగి కన్నుమూశాడు. ఆ రోజులలో మన దేశంలోనూ మధ్యతరగతి ఇళ్లల్లోకి ఆయన ఊహ ఒక చిన్న పెట్టె రూపంలో ప్రవేశించింది.

ఇంత మేలు చేసిన యంత్రాన్ని శంకించడమెందుకు? యంత్రం ఎంత గొప్పదైతే దాని మాటను మనిషి అంతగా నమ్ముతాడు. నమ్మదగినది పొరబడినప్పుడు కలిగే హాని, ఆది నుంచీ నమ్మని దానివల్ల కలిగే హాని కంటే ఎక్కువ.

యంత్రం దారితప్పే తీరులు

మానిటర్ పూర్తిగా ఆగిపోతే ప్రమాదం తక్కువే. తెర నల్లబడగానే నర్సు చూస్తుంది. మరొకటి తెచ్చి పెడతారు. పనిచేస్తున్నట్టే కనిపిస్తూ పని మానేసినప్పుడే అసలు ముప్పు. గంట మోగించవలసిన స్పీకరు మూగబోవచ్చు. పాతబడిన బ్యాటరీ నిండుగా ఉన్నట్టు చూపి, రోగిని ఆపరేషన్ గది నుంచి వార్డుకు తరలించే దారిలో చటుక్కున చేతులెత్తేయవచ్చు.

రెండవ తీరు కంటికి కనిపించదు. అది సాఫ్ట్‌వేర్ లోపం. ఫిలిప్స్‌కు చెందిన ఒక అనుబంధ సంస్థ అమెరికాలో హృద్రోగుల గుండె లయను ఇంటి వద్దనే గమనించే సేవను నిర్వహిస్తోంది. రోగి ఒంటిమీది పరికరం ఈసీజీని దూరాన ఉన్న కేంద్రానికి పంపుతుంది. అక్కడ శిక్షణ పొందిన సిబ్బంది దాన్ని పరిశీలిస్తారు. 2022 జులై నుంచి 2024 జులై వరకు కొన్ని ఘటనల తాలూకు ఈసీజీలు ఆ సిబ్బంది ముందుకు రానేలేదని తర్వాత బయటపడింది. రోగి ఒంటిమీద పరికరం ఉన్నది. అది తన పని తాను చేస్తున్నది. చూడవలసిన కంటికి మాత్రం దృశ్యం చేరలేదు. దీనికి సంబంధించి 109 మందికి హాని కలిగినట్టు, ఇద్దరు మరణించినట్టు నివేదికలు అందాయని అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది.

2025 జనవరి 30న మరొక హెచ్చరిక వెలువడింది. చైనాలో తయారయ్యే కాంటెక్ సీఎంఎస్ 8000 అనే మానిటర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక దొంగదారి ఉన్నదని అమెరికా సైబర్ భద్రతా సంస్థ కనుగొన్నది. నెట్‌వర్క్‌కు తగిలించగానే అది రోగి వివరాలను బయట ఉన్న ఒక చిరునామాకు పంపుతుంది. ఆ దారిన చొరబడిన వారు యంత్రం తీరును మార్చి, తెర మీద తప్పుడు అంకెలు చూపించే అవకాశమూ ఉన్నది. ఈ లోపం వల్ల ఎవరికైనా హాని జరిగినట్టు ఆనాటికి తమ దృష్టికి రాలేదని ఎఫ్‌డీఏ తెలిపింది. అయినా నెట్‌వర్క్ తీగను పీకివేయండని ఆస్పత్రులకు సలహా ఇచ్చింది. ఇందులో మరొక సంగతి గమనించదగినది. అదే యంత్రం ఎప్సిమెడ్ అనే మరో పేరుతో కూడా అమ్ముడైంది. 'మా దగ్గర కాంటెక్ లేదు' అని నిశ్చింతగా కూర్చున్న ఆస్పత్రిలో అదే యంత్రం వేరే పేరుతో రోగి ప్రక్కన ఉండవచ్చునన్నమాట.

మూడవ తీరు మరీ సున్నితమైనది. యంత్రంలో ఏ మరా విరగలేదు, ఏ సాఫ్ట్‌వేరూ చెడలేదు. కొలతే కొందరి విషయంలో తప్పుతుంది. 2020 డిసెంబరులో అమెరికా వైద్య పరిశోధకులు ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం దాకా చూపిస్తున్న రోగుల ధమని రక్తాన్ని నేరుగా పరీక్షించి, అసలు ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువగా ఉన్నవారు ఎందరో లెక్కించారు. తెల్లవారిలో ఇది 3.6 శాతం సందర్భాలలో కనిపించగా నల్లవారిలో 11.7 శాతం సందర్భాలలో కనిపించింది. చర్మపు రంగు వెలుతురును అడ్డుకోవడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ విడుదల చేసిన ముసాయిదా, ఆక్సీమీటర్లను అన్ని చాయల చర్మంగల వారిమీదా మరింత విస్తృతంగా పరీక్షించాలని కోరింది. చామనచాయ నుంచి కారునలుపు దాకా అన్ని రంగులవారూ నివసించే మన దేశానికి ఈ సంగతి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర లేదు.

వీటన్నిటికీ తోడు 'నాన్నా పులి' కథ ఒకటున్నది. మానిటర్లు మోగించే గంటలలో 85 నుంచి 99 శాతం దాకా ఏ చికిత్సా అవసరం లేనివేనని అమెరికాలోని ఆస్పత్రుల ప్రమాణాల సంస్థ జాయింట్ కమిషన్ 2013లో పేర్కొన్నది. రోగి కదిలితే గంట; తీగ వదులైతే గంట. విని విని చెవులు మొద్దుబారతాయి. చివరకు నిజంగానే పులి వచ్చిన వేళ ఎవరూ పరుగెత్తి రారు. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు ఆ సంస్థకు అందిన 98 అలారం సంబంధిత ప్రమాదాలలో 80 మంది మరణించారు.

'రీకాల్' అంటే ఏమిటి?

లోపం బయటపడినప్పుడు తయారీదారు తీసుకునే చర్యను 'రీకాల్' అంటారు. ఈ మాట వినగానే యంత్రాలన్నిటినీ లారీలకెక్కించి కంపెనీకి తిప్పి పంపే దృశ్యం మన కళ్లముందు మెదులుతుంది. వాస్తవంలో అలా జరిగేది కొన్ని సందర్భాలలోనే. మానిటర్ల రీకాల్ చాలాసార్లు ఒక ఉత్తరం రూపంలో వస్తుంది: ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఉన్న యంత్రాలలో బ్యాటరీ మార్చండి, సాఫ్ట్‌వేర్ సరిదిద్దేవరకు ఈ సౌకర్యాన్ని వాడకండి, మా ఇంజనీరు వచ్చేదాకా ప్రక్కకు తీసి ఉంచండి.

ఎఫ్‌డీఏ రీకాళ్లను మూడు తరగతులుగా విభజిస్తుంది. ప్రాణహాని లేదా తీవ్రమైన కీడు జరిగే అవకాశం బలంగా ఉంటే అది మొదటి తరగతి. తాత్కాలికమైన, నయం కాగల హాని జరిగే వీలుంటే రెండవది. హాని జరిగే అవకాశం లేకున్నా నిబంధనలు తప్పినట్లయితే మూడవది. తరగతి ఏదైనా, ఉత్తరం వెళ్లడంతో పని సగమే అయినట్టు. అది సరైన మనిషి చేతికి అందాలి. ఆ మనిషి సరైన యంత్రాన్ని గుర్తించాలి. గుర్తించినదాన్ని సరిదిద్ది, ఆ సంగతి కంపెనీకి తిరిగి తెలియజేయాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా లోపభూయిష్టమైన యంత్రం మంచం ప్రక్కన వెలుగుతూనే ఉంటుంది.

జాడ తెలియని మూడువేల ఆరువందల మంది

గొలుసు తెగితే ఏమవుతుందో మన దేశం ఒకసారి చవిచూసింది. అది మానిటర్ వ్యవహారం కాదు. శరీరంలో అమర్చిన తుంటి కీలు వ్యవహారం. కాని పాఠం ఒకటే. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డిప్యూ సంస్థ తయారుచేసిన ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి కీళ్లు రాపిడికి అరిగి, కోబాల్టు, క్రోమియం కణాలను రక్తంలోకి వదులుతున్నట్టు తేలింది. 2010 ఆగస్టులో వాటిని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచారు. మన దేశంలో సుమారు 4,700 శస్త్రచికిత్సలలో వాటిని అమర్చారు. కేంద్ర ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని నియమించింది 2017లో. ఆ సంఘం విచారణలో వెల్లడైన విషయం దిగ్భ్రాంతికరమైనది: జాడ తెలిసిన రోగులు దాదాపు 1,080 మంది. తక్కిన 3,600 మంది ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో కనుక్కోలేకపోయారు.

ఒక మనిషి తన ఒంట్లో మోస్తున్న పరికరం జాడే దొరకనప్పుడు, ఒక వార్డు నుంచి మరో వార్డుకు తోసుకుపోయే మానిటర్ సంగతి ఊహించుకోవచ్చు. ఒకటి దాతలు ఇచ్చినది కావచ్చు. మరొకటి మూతబడిన నర్సింగ్ హోమ్ నుంచి సగం ధరకు కొన్నది కావచ్చు. ఇంకొకటి అమ్మిన డీలరు దుకాణమే ఎత్తివేసి ఉండవచ్చు. తయారీదారు ఉత్తరం డీలరు చిరునామాకు వెళ్లి అక్కడే ఆగిపోతుంది.

మేలుకున్న చట్టం

మన దేశంలో చాలాకాలం వైద్య పరికరాలలో కొన్ని రకాలకు మాత్రమే చట్టపు అదుపు ఉండేది. తక్కినవి సాధారణ సరకులలాగే బజారులో తిరిగేవి. 2015 జులై 6న కేంద్ర ప్రభుత్వం మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమాన్ని ఆరంభించింది. వైద్య పరికరాల వల్ల కలిగే దుష్ఫలితాలను దేశం నలుమూలల నుంచి సేకరించడం దీని లక్ష్యం. ఘజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషన్ దీనికి కేంద్రం. 2017లో రూపొందిన వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. పరికరం వల్ల ప్రమాదం ఉండవచ్చునని నమ్మడానికి కారణం కనిపించిన వెంటనే తయారీదారుగాని, అధీకృత ఏజెంటుగాని దాన్ని ఉపసంహరించడానికి పూనుకోవాలని, కారణాలను అధికారులకు తెలియజేయాలని వాటిలోని 89వ నిబంధన నిర్దేశిస్తున్నది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. వాటిని ప్రమాద తీవ్రతను బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులుగా విభజించారు. మొదటి రెండింటికి 2022 అక్టోబరు నుంచి, తక్కిన రెండింటికి 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది.

చట్టం తయారీదారును నిద్రలేపింది, నిజమే. కాని ఆస్పత్రి గుమ్మం లోపల ఏమున్నదో చెప్పగలిగినది ఆస్పత్రి రిజిస్టరే. ప్రభుత్వ ఆస్పత్రులలోని పరికరాలను లెక్కించే పనికి జాతీయ ఆరోగ్య మిషన్ పూనుకున్నప్పుడు 29,115 ఆరోగ్య కేంద్రాలలో 7,56,750 పరికరాలు తేలాయి. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. వివిధ రాష్ట్రాలలో వాటిలో 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదు! ఆ లెక్క చేతికి వచ్చిన తర్వాతనే వాటి నిర్వహణకు 2015లో ఒక జాతీయ కార్యక్రమం రూపొందింది. లెక్క లేనిదే మరమ్మతు లేదు; లెక్క లేనిదే రీకాలూ లేదు.

వాహనాల విషయంలో ఈ మెట్టు ఎప్పుడో ఎక్కేశాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించమని తయారీదారును ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. ఆ చట్టానికి బలమిచ్చేది రవాణా శాఖవారి రికార్డే. మానిటర్లకు అటువంటి రవాణా శాఖ లేదు. ఆ పనిని ప్రతి ఆస్పత్రీ తనకు తానే చేసుకోవాలి.

ఒక పుస్తకం, ఒక మనిషి

ఇందుకు పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. మొదటిది ఒక పుస్తకం. ప్రతి మానిటర్ తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వివరం, కొన్న తేదీ, అమ్మినవారి చిరునామా, ప్రస్తుతం ఉన్న వార్డు అందులో ఉండాలి. యంత్రం చోటు మారినప్పుడల్లా పుస్తకమూ మారాలి. దానంగా వచ్చినదైనా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైనా, ఆ పుటలోకి ఎక్కనిదే రోగి దగ్గరకు వెళ్లకూడదు.

రెండవది ఒక మనిషి. బయోమెడికల్ ఇంజనీరు ఉంటే ఆయన. చిన్న ఆస్పత్రిలో అయితే ఆ బాధ్యత అప్పగించబడిన ఏ ఉద్యోగి అయినా సరే. కంపెనీల నుంచి, ప్రభుత్వం నుంచి వచ్చే ప్రతి హెచ్చరికా ఆ ఒక్కరి బల్లమీదికే చేరాలి. హెచ్చరిక అందిన రోజునే పుస్తకంతో పోల్చి చూడాలి. లోపమున్న యంత్రానికి 'వాడరాదు' అన్న చీటీ అంటించి తాళంలో పెట్టాలి. బదులు యంత్రం లేనప్పుడు రోగి దగ్గర నర్సును కూర్చోబెట్టాలి. చేసిన పనిని సంతకంతో కంపెనీకి తెలియజేయాలి.

విశాఖపట్నంలో 2018 డిసెంబరులో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్ వంటి చోట్ల వైద్య పరికరాలు మన దేశంలోనే తయారవుతున్నాయి. తయారీ మనదైనప్పుడు, లోపాన్ని ముందుగా ఒప్పుకుని కొన్నవారికి కబురంపే బాధ్యతా మనదే అవుతుంది. రీకాల్ ప్రకటించిన కంపెనీని దోషిగా చూసే అలవాటు మనకు ఉన్నది. లోపాన్ని దాచిన కంపెనీ కంటే, చెప్పి సరిదిద్దిన కంపెనీ వేయిరెట్లు నయమని గ్రహించాలి.

బంధువులు చేయగలిగింది

మంచం ప్రక్కన కూర్చున్న మీకు యంత్రం లోపల ఏమున్నదో తెలియకపోవచ్చు. కాని మీరు గుర్తుంచుకోదగినవి కొన్ని ఉన్నాయి.

తెరను చూడడం కంటే మనిషిని చూడడం ముఖ్యం. అంకెలు బాగున్నా రోగి ఆయాసపడుతుంటే, పెదవులు నీలిబడితే, మాట తడబడితే వెంటనే నర్సును పిలవండి. 'నాడిని ఒకసారి చేత్తో పట్టి చూడండి' అని అడగడంలో తప్పు లేదు. గంట మోత చికాకు కలిగించినా మీరై మీరు దాన్ని ఆపవద్దు, తీగలు పీకవద్దు. ఇంట్లో ఆక్సీమీటర్ వాడేటప్పుడు వేలు చల్లగా ఉన్నా, గోటికి రంగు ఉన్నా కొలత తప్పవచ్చు. ఒక్కసారి కనిపించిన అంకె కంటే, గంటగంటకూ అది ఎటు కదులుతున్నదో ఎక్కువ చెబుతుంది.

యంత్రం వల్ల ప్రమాదం జరిగిందన్న అనుమానం కలిగితే, దాన్ని ఉన్నదున్నట్టుగా ప్రక్కన పెట్టించమని కోరండి. కంపెనీ పేరు, మోడల్, నంబరు, జరిగిన సమయం రాసుకోండి. మెటీరియోవిజిలెన్స్ కేంద్రానికి తెలియజేసే హక్కు వైద్యులకూ, నర్సులకూ ఉన్నట్టే సామాన్యులకూ ఉన్నది. 1800-180-3024 అన్న నంబరుకు ఫోను చేయడానికి ఖర్చు లేదు. ఒక మారుమూల ఆస్పత్రి నుంచి వెళ్లిన ఒక్క ఫిర్యాదు, అదే లోపంతో వేరే ఊళ్లో వచ్చిన మరో ఫిర్యాదుతో కలిస్తే అక్కడే రీకాల్‌కు బీజం పడుతుంది.

ఉక్కు దూలంలో పగులు ఏ నాటికైనా కనిపించవచ్చునని కొలిమి దగ్గర నిలిచినవారికి తెలుసు. అందుకే ఉక్కు చల్లబడకముందే దానికి నంబరు వేస్తారు. అదే జాగ్రత్తతో, కొత్త మానిటర్‌ను పెట్టెలోంచి తీసిన నాడే, దాని తెర వెలగకముందే, ఎవరో ఒకరు కలం తీసి ఆ నంబరు రాసుకోవాలి. ఎప్పుడో ఒకనాడు లోపముందంటూ వచ్చే ఉత్తరం ఏ మంచం దగ్గరకు వెళ్లాలో ఆ ఒక్క పంక్తే చెబుతుంది.